పోస్టర్ తిన్న ఆవుకి అరుగుతుంది, ములక్కాడ పిప్పి మనకెందుకు అరగదు?

బెజవాడ మెట్లు (శనివారం రాత్రి 9:40)

నిన్న సాయంత్రం మావాడిని ట్యూషన్ నుంచి తీసుకొస్తున్నాను. గాంధీనగర్‌లో ఒక ఆవు గోడ మీది సినిమా పోస్టర్‌ని కింద అంచు పట్టి చర్రున లాగింది. హీరో మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి మొహం దాకా తీరిగ్గా నమిలేసింది. మావాడు ఏడో తరగతి, బండి ఆపించి మరీ చూశాడు. "నాన్నా, మనం కాగితం మింగితే ఏమవుతుంది?" అన్నాడు. ఏం కాదురా, పొద్దున బయటికి పోతుంది అన్నాను. "మరి దానికి?" అంటే, దానికి అరుగుతుంది అన్నాను. "ఎందుకు?" అన్నాడు. ఇంటికొస్తే రాత్రికి ములక్కాడ పులుసు. ముక్క చీల్చి, గుజ్జు పీల్చి, పిప్పి కంచం పక్కన కుప్ప పెడుతూ మళ్ళీ అదే ప్రశ్న.

వాడి నోట్సు తీసి చూశాను. "ఆవులో సెల్యులేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది. మనిషిలో తయారవదు. అందువల్ల మనిషి పీచును జీర్ణం చేసుకోలేడు" అని ఉంది. స్లిప్ టెస్టులో ఇదే రాస్తే రెండుకి రెండు మార్కులు వేశారు. నాకెందుకో ఇందులో ఏదో తేడా కొడుతోంది. ఒక్క ఎంజైమే లోటయితే ఇన్ని లక్షల ఏళ్ళలో మనకెందుకు రాలేదు? తెలిసినవాళ్ళు చెప్పండి. గూగుల్ చూసుకోమని మాత్రం అనకండి. చూశాను, బుర్ర తిరిగింది.

గుంటూరు ఘాటు (9:52)

హీరో ఎవరో చెప్పండి బ్రదర్. అరిగేదీ అరగనిదీ దాన్నిబట్టి ఉంటుంది.

ప్రయోగశాల (10:25)

గుంటూరులో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. నా వంతు నేను చెబుతాను, ఆవు సంగతి వేరేవాళ్ళు చూసుకోండి.

ముందొక తమాషా. మీరు రాత్రి తిన్న అన్నం, ఒంటి మీదున్న కాటన్ చొక్కా, గోడ మీది పోస్టర్ మూడూ తయారయింది ఒకే సరుకుతో. ఆ సరుకు గ్లూకోజ్. మన జిల్లా పొలాల్లో పండే పత్తిలో దూది పోగు నూటికి తొంభై పాళ్ళకు పైగా సెల్యులోజే, అంటే గ్లూకోజ్ గొలుసులతో కట్టిన పీచు (మీవాడి నోట్సులోని సెల్యులేజ్ కోసేది దీన్నే). అంటే మీ చొక్కా లెక్కప్రకారం చక్కెర గొలుసుల నేత. నాకి చూస్తే మాత్రం తీపి తగలదు.

తేడా అంతా గొలుసు కట్టిన తీరులో ఉంది. పిండిపదార్థంలో గ్లూకోజ్ గింజలన్నీ ఒకే వైపు తిరిగి ముడిపడతాయి. అందుకని గొలుసు జంతికలా మెలితిరుగుతుంది, వదులుగా ఉంటుంది, నీళ్ళు లోపలికి దూరతాయి. సెల్యులోజ్‌లో ఒక గింజ నిటారుగా ఉంటే పక్కది తలకిందులుగా ఉంటుంది. దాంతో గొలుసు మెలితిరగకుండా రిబ్బనులా సాగిపోతుంది. అలాంటి రిబ్బనులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుపోతాయి. గోగునార తాడు పేనినట్టు. కాస్త ముదిరిన కాండంలో అయితే లిగ్నిన్ అనే జిగురు కూడా వీటి చుట్టూ పట్టేస్తుంది. ములక్కాడ పిప్పిలో మీవాడికి పళ్ళ కింద తగిలింది ఇదే.

మన లాలాజలంలో ఉండే అమైలేజ్ మొదటి రకం ముడినే కోస్తుంది. అన్నం ముద్ద మింగకుండా రెండు నిమిషాలు నములుతూ ఉండండి, తియ్యబడుతుంది. రెండో రకం ముడి దాని కత్తెరలో ఇమడదు, అంతే.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. పిండిని కోసే ఎంజైమ్‌ని మొదట వేరుచేసిన ఇద్దరిలో ఒకాయన అన్‌సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి రసాయనవేత్త, 1833లో. చెట్ల నుంచి సెల్యులోజ్‌ని మొదట వేరుచేసి చూపిందీ ఆయనే, 1838లో. కత్తెరా ఆయనకే దొరికింది, ఆ కత్తెరకి తెగని గొలుసూ ఆయనకే దొరికింది.

పశువుల డాక్టరు (ఆదివారం ఉదయం 6:10)

బాబూ మెట్లు గారూ, మీవాడి నోట్సులో మొదటి వాక్యమే తప్పు. ఆవు సెల్యులేజ్ తయారుచేయదు. గేదె చేయదు, మేక చేయదు. ముప్పై ఏళ్ళు గన్నవరం చుట్టుపక్కల ఊళ్ళలో పశువుల పొట్టలు నొక్కి చూసి రిటైరైనవాణ్ణి, ఈ ముక్క మాత్రం గట్టిగా చెప్పగలను. గడ్డి విషయంలో ఆవు కూడా మనలాంటిదే. అయితే దాని కడుపులో అద్దెకున్నవాళ్ళు వేరు.

పెద్ద ఆవులో మొదటి పొట్ట, రూమెన్ అంటాం, నూరు లీటర్లకు పైగా పడుతుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి నొక్కిపట్టండి. నిమిషానికి ఒకటి రెండు సార్లు లోపలినుంచి మెల్లగా అల లేచి చేతిని పైకి నెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పశువుకి ఆ కదలిక ఆగదు. ఆ లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు, వెచ్చగా ఉంటుంది, పులుపు ఎక్కువ ఉండదు. ఒక్క మిల్లీలీటరు రసంలో వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటుంది. అదిగాక ప్రోటోజోవా, బూజులు. గడ్డిని కోసేది ఇవే. కోసి గ్లూకోజ్ ఆవుకి ఇస్తాయనుకోకండి, అది అవే మింగేస్తాయి. వాటినుంచి వెలువడే అసిటేట్, ప్రోపియొనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలు ఆవు రక్తంలోకి పోతాయి. ఆవు ఒంటికి కావలసిన శక్తిలో నూటికి డెబ్భై పాళ్ళు వీటినుంచే. చివరికి ఆ సూక్ష్మజీవులే గడ్డితో పాటు నాలుగో పొట్టలోకి జారితే, అక్కడ ఆవు వాటినే అరిగించుకుంటుంది. దాని మాంసకృత్తులు అవి. అద్దె వసూలు చేసుకుని అద్దెకున్నవాళ్ళనీ తినేస్తుందన్నమాట.

ఇక దీనికి పట్టే శ్రమ చూడండి. మేత మేసేది కాక, నెమరుకే రోజుకి ఏడెనిమిది గంటలు. పాడి ఆవు రోజుకి నూరు లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది, లోపల పులుపు విరగడానికి. ముదురు మేత రెండు మూడు రోజులు లోపలే నానుతుంది. అంత చేసినా వరిగడ్డిలో సగం పేడలోనే పోతుంది.

తెనాలి తేగ (6:48)

డాక్టరు గారూ, మరి పోస్టర్ నిజంగా అరుగుతుందా?

పశువుల డాక్టరు (7:05)

కాగితం అరుగుతుంది. గుజ్జు చేసేటప్పుడే లిగ్నిన్ చాలావరకు తీసేస్తారు కాబట్టి వరిగడ్డి కంటే సులువు కూడాను. కానీ అది కాగితం కోసం రాదు. వెనక పూసిన మైదా కోసం వస్తుంది. ఇప్పుడు ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే. అది ప్లాస్టిక్కు. ఏ బ్యాక్టీరియా దాన్ని ముట్టదు, పొట్టలోనే ఉండిపోతుంది. కోసి తట్టలకొద్దీ కవర్లు బయటికి తీసినవాణ్ణి. ఇంటిముందు కవర్లో మూట కట్టి కూరగాయల తొక్కలు పారేసేవాళ్ళందరికీ దణ్ణం పెట్టి చెబుతున్నాను, మూట విప్పి వేయండి.

ప్రకృతి బాట (8:30)

అందరూ ఒక విషయం మర్చిపోతున్నారు. మనిషి పుట్టుకతో ఆకులు తినే జీవి. ఉండుకం (అపెండిక్స్) అందుకే ఉంది, పూర్వం గడ్డి అరిగించింది అదే. వండుకుని తినడం మొదలెట్టాక అది ఎండిపోయింది. ఒక ఏడాది పచ్చి ఆకులు, మొలకలు మాత్రమే తింటే ఆ శక్తి తిరిగి వస్తుంది. నేను ఎనిమిది నెలలుగా పొయ్యి వెలిగించలేదు.

గుంటూరు ఘాటు (8:33)

పొయ్యి వెలిగించకుండా గోంగూర పచ్చడి ఎలా చేస్తారు సార్? అది లేకపోతే మా ఇంట్లో నన్నే పచ్చడి చేస్తారు.

నైట్ డ్యూటీ (9:15)

ఇప్పుడే డ్యూటీ దిగాను. విజయవాడలో ఒక ఆసుపత్రిలో కడుపు, పేగుల విభాగంలో పనిచేస్తాను. ప్రకృతి బాట గారూ, మీ ఆహారం మీ ఇష్టం, అందులో నేను తలదూర్చను. కానీ ఉండుకం మాట అలా వదిలేయలేను, ఎందుకంటే రాత్రే ఇద్దరు ఇరవైనాలుగ్గంటల కడుపునొప్పితో, అంటే ఉండుకం వాచి, వచ్చారు.

ఆకులు తిన్న పూర్వీకుల్లో పెద్దదిగా ఉన్న సంచి కుంచించుకుపోయి ఉండుకం మిగిలిందని డార్విన్ 1871లో రాశాడు. మన పదో తరగతి పాఠం కూడా దాదాపు అదే. కుందేలుకి, గుర్రానికి ఆ చోట పెద్ద సంచి ఉండి, పీచు అందులో పులుస్తుందన్నది నిజం. కానీ మన ఉండుకంలో నిండా రోగనిరోధక కణజాలం ఉంది. విరేచనాలు పట్టి పేగు ఊడ్చుకుపోయినప్పుడు మంచి బ్యాక్టీరియా దాక్కునే చోటు అదేనని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. దాని సైజు మన వేలంత. ఏడాది కాదు, పదేళ్ళు గడ్డి తిన్నా అది కుందేలు సంచి అవ్వదు.

రెండోది. గొరిల్లాకి అంత బాన పొట్ట ఎందుకో ఆలోచించారా? దాని పెద్దపేగు ఒక కాగు లాంటిది. రోజంతా ఆకులు తింటూ, అక్కడ పులియబెట్టుకుంటుంది. గొరిల్లాలోనూ చింపాంజీలోనూ పేగుల మొత్తం పరిమాణంలో సగం పైన పెద్దపేగే. మనలో తారుమారు. సగం పైన చిన్నపేగే, పెద్దపేగు అయిదో వంతు ఉంటుంది. దుంపలు, పండ్లు, గింజలు, మాంసం, ఆ తర్వాత నిప్పు. తేలిగ్గా అరిగే తిండి దొరికేకొద్దీ మన పొట్ట చిన్నదైంది. పేగుల మీద పెట్టే ఖర్చు తగ్గబట్టే మెదడు పెరిగే వీలు కలిగిందని 1995లో లెస్లీ అయెల్లో, పీటర్ వీలర్ ఒక వాదన పెట్టారు. దాని మీద ఇంకా కొట్లాటలు నడుస్తున్నాయి, అది వేరే సంగతి.

ప్రకృతి బాట (9:40)

మీరంతా మందుల కంపెనీల భాష మాట్లాడుతున్నారు.

అడ్మిన్ (9:44)

ప్రకృతి బాట గారూ, విషయం మీద మాట్లాడండి. ఘాటు గారూ, మీరు కూడా కాస్త తగ్గండి, ఇంకో మూడు జోకులు డిలీట్ చేశాను.

అరండల్‌పేట అత్తయ్య (10:20)

పెద్ద పెద్ద మాటలు నాకు తెలియవు కానీ పీచు సంగతి నన్నడగండి. అరటిదూట తరిగేటప్పుడు చక్రం కోసి కత్తి కొంచెం పక్కకి లాగితే సన్నటి నార సాగుతుంది. దాన్ని వేలికి చుట్టుకుంటూ పోవాలి. అలా నాలుగు చక్రాలు కోసేసరికి వేలి చుట్టూ దూది ఉంగరంలా తయారవుతుంది, తీసి అవతల పడేసి, ముక్కలు మజ్జిగలో వేసి, మళ్ళీ చుట్టడం. మా అత్తగారు నేర్పిన పని. ఆ నార తీయకుండా ఎంతసేపు ఉడికించినా ఉడకదు, పంటి సందులో ఇరుక్కుంటుంది. మరి అదే దూట గుజ్జు ఇట్టే మెత్తబడుతుంది. రెండూ పీచే అంటారు కదా డాక్టర్లు?

ఇంకొకటి. పులుసులో ముక్క ఉడక్కముందే చింతపండు రసం పోస్తే ఇక గంట కూర్చున్నా ముక్క ఉడకదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

ప్రయోగశాల (10:55)

అమ్మా, మీరడిగినది మా పిల్లలెవరూ అడగరు.

రెండూ పీచే, కానీ పీచు అనేది ఒకటి కాదు, ఒక కుటుంబం. మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులు ఇనుప ఊచల్లాంటివి. వాటి మధ్య సిమెంటులా పెక్టిన్, హెమిసెల్యులోజ్ ఉంటాయి. మనం వండేటప్పుడు కరిగేది ఆ సిమెంటు. ఊచలకి ఏమీ కాదు. నీళ్ళు మరిగే వేడికి సెల్యులోజ్ లొంగదు. అదే లొంగితే చాకిరేవులో బట్టలు ఉడకబెట్టిన రోజుల్లో పంచెలన్నీ గంజి అయిపోవాలి. దూట గుజ్జులో సిమెంటు ఎక్కువ, నారలో ఊచలు ఎక్కువ.

చింతపండు సంగతి: పులుపు తగిలితే పెక్టిన్ గట్టిగా నిలబడుతుంది, త్వరగా కరగదు. అందుకే ముక్క బిర్రుగా ఉండిపోతుంది. ముందు ఉడికించి తర్వాత పులుసు పోయమని మీ అత్తగారు చెప్పింది పక్కా కెమిస్ట్రీ.

మీ గుంటూరు గోంగూరే చూడండి. లేత ఆకు పచ్చడి అవుతుంది. దాని కాండం ముదిరితే నీళ్ళలో నానబెట్టి నార తీసి తాడు పేనతారు. నానబెట్టినప్పుడు నీళ్ళలోని బ్యాక్టీరియా సిమెంటుని తినేసి ఊచల్ని వదిలేస్తుంది. చెరువు గట్టున జరిగేది కూడా ఒకరకంగా జీర్ణమే.

తెనాలి తేగ (11:20)

నా పేరు మీదే తేగ ఉంది కాబట్టి అడుగుతున్నా. తేగ నమిలి పీచు ఊసేస్తాం, చెరుకు నమిలి పిప్పి ఊసేస్తాం. అదే చెదపురుగు మా ఇంటి తలుపు మొత్తం తినేసింది. దానికేం ప్రత్యేకం?

పశువుల డాక్టరు (11:45)

దాని కడుపులోనూ అద్దెకున్నవాళ్ళే, చాలావరకు. అయితే చెదలు కొన్ని తమ సొంత సెల్యులేజ్ కూడా తయారుచేసుకుంటాయని 1998లో జపాన్ వాళ్ళు జన్యువుతో సహా చూపించారు. కాబట్టి జంతువుకి అసలు చేతకాని పని కాదిది. వెన్నెముక ఉన్న మన జాతులు మాత్రం ఆ పనిని పరాయివాళ్ళకే అప్పజెప్పాయి.

ఒక్కటి గమనించండి. పులియబెట్టే కాగు ఎక్కడుంది అన్నదే అసలు విషయం. ఆవుకి ముందుంది. కాగు తర్వాత నాలుగో పొట్ట, ఆ తర్వాత పేగు. అందుకే వచ్చిందంతా పీల్చుకుంటుంది. గుర్రానికి, ఏనుగుకి వెనక ఉంది, సగం సరుకు వృథా. ఏనుగు లద్దెలో గడ్డి పోచలు ఎలా ఉన్నవి అలా కనిపిస్తాయి. కుందేలుకీ వెనకే ఉంది, కానీ అది తెలివైంది. మెత్తటి లద్దె వేసి, దాన్నే మళ్ళీ తింటుంది, రెండో విడత పీల్చుకోవడానికి. మనకీ వెనకే ఉంది, అదీ చిన్నది.

మన చుట్టాల్లో ముందు కాగు ఉన్నది కొండముచ్చు. కోతుల్ని బెదిరించడానికి దుకాణాల ముందు దాని బొమ్మ పెడుతున్నారు చూడండి, అదే. దాని పొట్ట అరలు అరలుగా ఉంటుంది, ముదురాకులు అందులో పులుస్తాయి. పొట్టలో బ్యాక్టీరియాని పగలగొట్టే లైసోజైమ్ అనే ఎంజైమ్ ఆవులో ఎలా మారిందో కొండముచ్చులోనూ విడిగా అలాగే మారింది. ఇద్దరికీ చుట్టరికం లేదు, వృత్తి ఒకటి.

బెజవాడ మెట్లు (మధ్యాహ్నం 1:10)

అందరికీ దణ్ణాలు. ఒక్క సందేహం. సరే, పొట్టలో కాగు లేదు. సెల్యులేజ్ మాత్ర వేసుకుంటే? మావాడు వరిగడ్డి తిని చూపిస్తానంటున్నాడు.

ప్రయోగశాల (1:40)

వరిగడ్డిలో లిగ్నిన్‌తో పాటు ఇసుక జాతి సిలికా కూడా ఉంటుంది, పళ్ళు జాగ్రత్త.

మాత్ర వేసుకున్నా మనకి టైము చాలదు. బిగుసుకున్న ఆ పోగుల్ని ఎంజైమ్ కొసనుంచి ఒలుచుకుంటూ రావాలి. అన్నం మన చిన్నపేగులో ఉండేది నాలుగైదు గంటలు. దానికి ముందు జఠరరసం పులుపు చాలా ఎంజైముల్ని పాడుచేస్తుంది. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో గడ్డిని వేడి ఆవిరితోనో ఆమ్లంతోనో ముందు పీల్చిపిప్పి చేసి, ఆపైన ఎంజైమ్ పోసినా రోజులు పడుతుంది.

ఆ ఫ్యాక్టరీలకి ఎంజైమ్ ఇచ్చే బూజు కథ బాగుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం కాటన్ గుడారాలు చివికి చిల్లులు పడ్డాయి. తిన్నది ఒక బూజు, ట్రైకోడెర్మా రీసీ. శత్రువు అనుకున్నదాన్ని పెంచి ఇప్పుడు ఎంజైమ్ పిండుకుంటున్నారు. జీన్స్ ప్యాంటుకి ఆ పాత వెలిసిన రంగు తెప్పించేది కూడా సెల్యులేజే. మన కడుపు చేయలేని పని లాండ్రీలో చేస్తోంది.

పశువుల డాక్టరు (2:05)

కాగులో ఏం పోయాలో కూడా తెలియాలి మరి. ఒక ఊళ్ళో పెళ్ళి అయ్యాక మిగిలిన అన్నం రెండు గంపలు గేదెకి పెట్టారు, పారేయడం ఎందుకని. సాయంత్రానికి పొట్ట బిగిసింది, నెమరు ఆగింది, లేవలేదు. అన్నం మనకి సుఖంగా అరుగుతుంది కదా. దాని కాగులో అది కొన్ని గంటల్లోనే పులిసి లాక్టిక్ ఆమ్లం అయిపోతుంది. గడ్డి తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. రాత్రంతా సోడా ఉప్పు, సెలైన్లు పట్టి బతికించాం. మనకి గడ్డి ఎంతో దానికి గంపెడన్నం అంత. పెట్టేవాళ్ళు పుణ్యమనుకునే పెడతారు, అదే బాధ.

నైట్ డ్యూటీ (4:30)

నిద్ర లేచాను. అరగదు అన్న మాటకి చిన్న సవరణ. మనకి అరగదు కానీ మన పెద్దపేగులో అద్దెకున్న బ్యాక్టీరియాకి కొంత అరుగుతుంది. పెక్టిన్ లాంటి మెత్తటి పీచు దాదాపు మొత్తం, గట్టి సెల్యులోజ్ చాలా తక్కువ. రాత్రి చద్దన్నంలో కూడా కొంత పిండి గట్టిపడి, చిన్నపేగుకి లొంగకుండా వాళ్ళ దాకా పోతుంది. వాళ్ళు ఆవులో లాగే అవే ఆమ్లాలు తయారుచేస్తారు. బ్యూటిరేట్ మన పెద్దపేగు గోడ కణాలకి ముఖ్యమైన తిండి. మొత్తం శక్తిలో ఇలా వచ్చేది పదో వంతు లోపే. గ్యాస్ మాత్రం బాగా వస్తుంది, శనగలు తిన్న రాత్రి అందరికీ తెలుసు.

ఇంకో సంగతి. మనిషి పేగుల్లో సెల్యులోజ్‌ని కోయగల రూమినోకాకస్ అనే బ్యాక్టీరియా రకాలు ఉన్నాయని, అడవిలో వేటాడి బతికేవాళ్ళలోనూ పల్లెల్లోనూ ఎక్కువగా, పెద్ద నగరాల వాళ్ళలో చాలా అరుదుగా కనిపిస్తున్నాయని 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. పీచు వేయడం మానేస్తే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతున్నట్టుంది. ప్రకృతి బాట గారి మాటలో ఆ మేరకు పస ఉంది, ఒప్పుకుంటాను. కానీ అది ఉండుకం వల్ల కాదు.

పెద్దవాళ్ళకి రోజుకి 25 గ్రాములకు తగ్గకుండా పీచు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఈ గొడవ మొదట గట్టిగా లేపినవారిలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఒకరు, 1970ల్లో. ఉగాండాలో పనిచేసి, అక్కడివాళ్ళకి పేగు జబ్బులు ఎందుకు తక్కువో అని వెతికి వాళ్ళ మలం బరువు తూచేదాకా వెళ్ళారు. నవ్వొద్దు ఘాటు గారూ. ఒక్కసారిగా పెంచకండి, నీళ్ళు తాగండి. ఇసబ్‌గోల్ నీళ్ళు లేకుండా మింగి గొంతులో పట్టేసి వచ్చినవాళ్ళని చూశాను.

గుంటూరు ఘాటు (4:41)

నవ్వలేదు మేడమ్. తూచిన త్రాసు గురించి ఆలోచిస్తున్నా.

బెజవాడ మెట్లు (రాత్రి 8:15)

సాయంత్రం ఒక పని చేశాం. టింక్చర్ అయోడిన్ తెచ్చి, చుక్క నీళ్ళు కలిపి, నాలుగు పళ్ళేల్లో వేసి చూశాం. అన్నం మెతుకు నల్లగా నీలం తిరిగింది. దూది గోధుమరంగులోనే ఉండిపోయింది. ములక్కాడ పిప్పి కడిగి వేస్తే అదీ అంతే. ఇక పోస్టర్ ముక్క. గాంధీనగర్ వెళ్ళి ఆవు వదిలేసిన చిరుగు ఒకటి పీక్కొచ్చాం, వెనక వైపు చుక్క వేయగానే కాటుక రంగు. మైదా! డాక్టరు గారు చెప్పినట్టే.

చివర్లో వాడు నోట్‌బుక్కు నుంచి తెల్లకాగితం చింపి దాని మీదా వేశాడు. అది కూడా నీలం అయింది! కాగితం సెల్యులోజ్ కదా, దూదిలా ఉండాలి కదా? దానికి మైదా ఎవరు పూశారు?

ప్రయోగశాల (8:32)

మిల్లులోనే. సిరా పాకకుండా, కాగితం గట్టిగా నిలబడటానికి పిండి కలుపుతారు. ల్యాబులో వాడే ఫిల్టర్ పేపర్ మీద వేయండి, రంగు మారదు. రేపు నా దగ్గరికి వస్తే రెండు ఇస్తాను.

బెజవాడ మెట్లు (8:36)

వాడు అడుగుతున్నాడు, అయితే నోట్‌బుక్కు తింటే ఆ పిండి వరకు మనకి అరిగినట్టేనా అని. స్లిప్ టెస్టు కాగితం మీద కన్నేశాడు.